సంబంధం రుజువు కాని చుక్కలు

బత్తల మునిరత్నం ఇంటి గేటుకి ఒక బోర్డు ఉండేది. నల్ల రేకు మీద తెల్లటి అక్షరాలతో "బి. మునిరత్నం, ఎం.ఎస్సీ., సీనియర్ పరిశీలకులు" అనీ, దాని కింద "జంట నక్షత్ర ఆవిష్కర్త" అనీ రాయించుకున్నాడు. పెయింటరు ఆ చివరి వరసకి ముచ్చటపడి పసుపు రంగు వేశాడు. ఆ పసుపు చూసి వారానికి ఒకరిద్దరైనా పిల్లవీ పిల్లోడివీ జాతకాలు పట్టుకుని గేటు తట్టేవాళ్ళు. "నేను జంటల్ని కలిపేవాణ్ణి కాదయ్యా, కొలిచేవాణ్ణి" అని మునిరత్నం చెప్పేవాడు. వాళ్ళు తలూపి, "అయితే కొలిచే చెప్పండి" అనేవాళ్ళు.

నిజానికి ఆయన ఆవిష్కరించింది ఒక్కటంటే ఒక్క జంట. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, గుర్రాలమిట్ట వేధశాలలో ఉద్యోగానికి చేరిన రెండో వేసవిలో, వృశ్చిక రాశిలో ఒక మసక చుక్క పక్కన ఇంకా మసకగా మరో చుక్క కనిపించింది. కేటలాగంతా తిరగేశాడు, లేదు. జంట నక్షత్రాల లోకంలో ఒక ఆచారం ఉంది. ఎవరు మొదట చూసి కొలిస్తే ఆ జంటకి వాళ్ళ పేరే పెడతారు, పక్కన వరస నంబరు వేస్తారు. ఇద్దరిలో ఎక్కువ వెలుగున్నది ఏ, తక్కువ వెలుగున్నది బి. అలా ఆకాశంలో "మునిరత్నం-1" వెలిసింది. మునిరత్నం-2 కోసం ఆయన చూడని మూల లేదు. అది మాత్రం దొరకలేదు.

కేటలాగులో మొత్తం 1,163 జంటలు. వాటిలో 704 బార్‌క్లిఫ్ దొరవి. ఆ దొర 1908లో పదిహేను అంగుళాల దుర్భిణి ఎద్దుల బండ్ల మీద ఈ మిట్టకెక్కించి, చలికి బ్రాందీ పుచ్చుకుంటూ ఆకాశం చూసేవాడట. అన్ని చుక్కలు రెండేసిగా కనిపించడంలో బ్రాందీ వాటా ఎంతో తేల్చాలని మునిరత్నానికి మొదటినుంచీ ఉబలాటం. ఇంకో 458 జంటలు తర్వాతి డైరెక్టర్లవి, అంటే పరిశీలకులు చూస్తే డైరెక్టర్ల పేరు పడినవి. మునిరత్నానికి ఆ ఒక్కటైనా దక్కిందంటే ఆ ఏడాది డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉండబట్టి. ఇంక ఎనిమిది నెలల్లో రిటైరు కావాలి. ఆ తర్వాత తానంటూ ఒకడు ఇక్కడ పనిచేశాడని చెప్పడానికి ఆ మసక జంట తప్ప మరేం మిగలదని ఆయనకు బాగా తెలుసు.

అటువంటి రోజుల్లో, కార్తీక మాసంలో, రాజధానిలోని ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులరొకటి వచ్చింది.

"ఒకే నంబరు కింద ఇద్దరి పేర్లు నమోదై ఉన్న ప్రతి రిజిస్టరులోనూ, సదరు ఇద్దరి మధ్య గల సంబంధమేమిటో, వారిలో పెద్ద ఎవరో తగు ఆధారములతో తొంభై దినములలో ధ్రువీకరించవలెను. సంబంధము రుజువు కానిచో సదరు జంట నమోదును రద్దు చేయవలెను."

అది ఏ శాఖ కోసం, ఏ రిజిస్టరు కోసం రాసిందో ఎవరికీ తెలియదు. అన్ని ఆఫీసులకీ పంపారు, ఇక్కడికీ వచ్చింది. ఇక్కడ అప్పుడు ఇన్‌ఛార్జి డైరెక్టరు పరాంకుశం గారు. ఆయన భూముల కొలతల శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి, ఎవరో ఎక్కడికో బదిలీ అయితే ఆ గొలుసులో ఆఖరి లంకెగా వచ్చి ఈ మిట్ట మీద పడ్డారు. దుర్భిణిలోంచి ఒక్కసారీ చూడలేదు గాని రిజిస్టర్లన్నీ చూశారు. మునిరత్నాన్ని పిలిచి కేటలాగు ముందు పెట్టుకున్నారు.

"నంబరు నలభై ఆరు. ఏ అని ఒకరు, బి అని ఒకరు. ఇది జాయింటు పట్టా కదా మునిరత్నం గారూ. ఏ ప్రాతిపదికన ఇచ్చారు?"

"అది చుక్కల జంట సార్. దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, అందుకని."

"కనిపించడం సంబంధం కాదు. బస్సులో పక్క సీటులో కూర్చున్నామె నాకేమవుతుంది?"

మునిరత్నానికి ఆ మాట చాలా శాస్త్రీయంగా తోచింది. నిజమే. జంటలు రెండు రకాలు. కొన్ని ఒకదాని చుట్టూ ఒకటి నిజంగానే తిరుగుతాయి. కొన్నింట్లో ఒకటి దగ్గర, మరొకటి ఎక్కడో దాని వెనక దూరంగా ఉంటుంది. మన చూపు వరసలో పడటం వల్ల పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. ఆ సంగతి వివరించాడు.

"వెనక అంటే ఎంత వెనక?"

"ఒక్కోటి రెండు మూడు వందల కాంతి సంవత్సరాలు ఉండొచ్చు సార్."

"అంటే వేరే మండలం." పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "వేరే మండలం వాళ్ళని తెచ్చి ఒకే నంబరు కింద, ఒకే గడిలో పెట్టారు. 1908 నుంచీ. వందేళ్ళు దాటింది, ఒక్క ఆడిట్ అయినా అభ్యంతరం చెప్పలేదు. తిరిగేవి ఏవో, తిరగనివి ఏవో ధ్రువపత్రం తీసుకోండి."

"తిరుగుతున్నాయని తెలియాలంటే కనీసం సగం చుట్టయినా చూడాలి సార్. ఒక్కో జంటకి చుట్టు తిరగడానికి ఏడెనిమిది వందల ఏళ్ళు పడుతుంది."

"గడువు తొంభై రోజులు. కావాలంటే పొడిగింపు అడుగుదాం. మూడుసార్ల దాకా ఇస్తారు. అంతకు మించి ఆ చుక్కలే వేగం పెంచుకోవాలి."

నిబంధనల ముసాయిదా రాసే పని మునిరత్నం మీదే పడింది. పడింది అనడం పూర్తి నిజం కాదు, ఆయనే అడిగి పుచ్చుకున్నాడు. ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్న వాణ్ణి చూసి లోకం నవ్వుతుంది గాని, ఆ గాటకి పలుపు పేని ఇచ్చినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. మునిరత్నం మనసులో ఒక లెక్క మెదిలింది. దొర జంటల్లో కక్ష్య లెక్కగట్టినవి పది పదిహేనుకు మించవు. తక్కినవన్నీ రుజువు లేనివే. అవన్నీ పోతే, వందేళ్ళ బ్రాందీ ఒక్క దెబ్బతో దిగుతుంది. ఏడు వందల కొండల మధ్య కనపడని తన చిన్న మిట్ట కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. తన జంట సంగతా, దానికి భయం లేదు. ఏటా మే నెలలో కొలుస్తూనే ఉన్నాడు. ముప్ఫై ఒక్క కొలతలున్నాయి. గ్రాఫు కాగితం మీద గీస్తే ఆ గీత కొద్దిగా వంగుతుంది. వంగుతోందంటే తిరుగుతున్నట్టే.

పరాంకుశం గారు తన పాత శాఖ నిబంధనల పుస్తకం నమూనాగా ఇచ్చారు. అందులో పొలం అన్నచోట నక్షత్రం అని మార్చుకుంటూ పోయాడు మునిరత్నం. ఏడో నిబంధన: సంబంధం రుజువు కాని జంటను విడదీయవలెను, ఆవిష్కర్త పేరు కొట్టివేయవలెను. తొమ్మిదో నిబంధన: విడిపోయిన ఒక్కొక్క నక్షత్రాన్ని విభజన చేసిన ఉద్యోగి పేరు మీద కొత్త నంబరుతో నమోదు చేయవలెను. పదకొండో నిబంధన: ఏ ఉద్యోగీ తన పేరు మీదున్న జంటను తానే విచారించరాదు, ఆ కార్యాలయంలోని మరొక శాశ్వత ఉద్యోగి విచారించవలెను. ఈ పదకొండోది పుస్తకంలోంచి ఎత్తి రాస్తుంటే తన నిష్పాక్షికతకి తనకే ముచ్చటేసింది.

వేధశాలలో శాశ్వత ఉద్యోగులు అప్పటికి ముగ్గురే. పరాంకుశం గారు, మునిరత్నం, అటెండరు కుళ్లాయప్ప. కుళ్లాయప్ప ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ సాయంత్రం గోపురం తలుపులు తెరవడం, దుర్భిణి మూతికున్న రేకు మూత తీయడం, పొద్దున్నే మళ్ళీ పెట్టడం చేస్తున్నాడు. ముసాయిదా ఫెయిరు కాపీ మోసుకెళ్తూ అడిగాడు.

"సామీ, ఇంతకీ ఆ చుక్కలకి ఈ సంగతి ఎట్ల తెలుస్తాది?"

"నోటీసు ఇస్తాం."

"అట్లనే," అన్నాడు కుళ్లాయప్ప. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతను దేనికీ ఆశ్చర్యపోవడం మానేశాడు.

మొదటి చిక్కు మొదటి పేజీలోనే వచ్చింది. దొర కేటలాగు మొదలుపెడుతూ, దేశాచారానికి మర్యాదగా, నంబరు వేయకుండా పైన వశిష్ఠుణ్ణీ అరుంధతినీ రాసి పెట్టాడు. పరాంకుశం గారు ఆ పేర్లు చూసి చేతులు జోడించారు. ఆ తర్వాత కలం తీశారు.

"వీరి సంబంధం లోకప్రసిద్ధం. ధ్రువపత్రానికి ఇబ్బంది ఉండదు కదా?"

"కొందరు కట్టుబడే ఉన్నాయంటారు సార్, కొందరు కాదేమో అంటారు. దూరాలు కచ్చితంగా తేలలేదు."

"తేలకపోవడమేమిటండీ, ప్రతి పెళ్ళిలో చూపిస్తుంటే. సరే, కుటుంబ వివరాలు చెప్పండి. వశిష్ఠుల వారు ఒకరు."

మునిరత్నం కాస్త నీళ్ళు నమిలాడు. "దుర్భిణిలో చూస్తే వశిష్ఠుడే ఇద్దరు సార్. ఏ, బి."

"ఇద్దరా?"

"ఆ ఇద్దరూ మళ్ళీ చెరి ఇద్దరు. వెలుగుని విడగొట్టి చూస్తే తెలుస్తుంది. మొత్తం నలుగురు. అరుంధతి పక్కన కూడా ఒక చిన్న చుక్క ఉంది."

పరాంకుశం గారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"వశిష్ఠుల వారింట్లో నలుగురు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"పాఠ్యపుస్తకాల్లో ఉంది సార్."

"పాఠ్యపుస్తకాలు ఎవరూ చదవరు. ఫైలులో మాత్రం రాయకండి. 'విచారణలో ఉన్నది' అని రాయండి."

ఫైలులో రాసినది ఊళ్ళోకి రావడానికి రెండు రోజులు పట్టింది. జిల్లా పేజీలో "అరుంధతీ వశిష్ఠుల సంబంధంపై ప్రభుత్వ విచారణ" అని నాలుగు కాలమ్‌ల వార్త పడింది. మాఘమాసం ముందుంది, ముహూర్తాలు చిక్కగా ఉన్నాయి. మూడో రోజు పురోహితుల సంఘం వాళ్ళు జీపు మాట్లాడుకుని మిట్టెక్కారు. వాళ్ళలో పెద్దాయన మర్యాదగానే అడిగాడు. "విచారణలో ఉన్న నక్షత్రాన్ని వధూవరులకు చూపిస్తే రేపు మాకేదైనా కేసు అవుతుందా స్వామీ? ఆడపెళ్ళివారు అడుగుతున్నారు. కొందరు ధ్రువపత్రం వచ్చేదాకా లగ్నం వాయిదా వేద్దామంటున్నారు."

పరాంకుశం గారు అలాంటి వేళల కోసమే పుట్టిన మనిషి. అక్కడికక్కడే తాత్కాలిక సంబంధ ధ్రువపత్రం మంజూరు చేశారు. "అరుంధతి, వశిష్ఠుల పత్ని అని ఈ కార్యాలయము తాత్కాలికముగా భావించుచున్నది. ఈ ధ్రువపత్రము ఆరు మాసములు చెల్లును. తదుపరి పొడిగించుకొనవలెను. పగటి పూట చూపబడిన నక్షత్రమునకు ఈ కార్యాలయము బాధ్యత వహించదు." దాని నకళ్ళు కల్యాణ మండపాల్లో పటం కట్టి పెట్టుకున్నారు. వధువు చేత ఆకాశానికి ఒకసారి, ఆ పటానికి ఒకసారి దండం పెట్టించడం ఆ ఏడాది కొత్త ఆచారమైంది.

ఆ రాత్రి అన్నాలు తింటూ మునిరత్నం ఇదంతా భార్య సుగుణకి చెప్పాడు. ఆమె వడ్డించడం ఆపి అడిగింది.

"మన పెండ్లిలో పన్నెండు గంటల ఎండలో చూపించినారు గదా. మీరు చుక్కల సదువు సదివినోళ్ళు. అంత ఎండలో మీకు నిజంగా కనపడిందా?"

"పంతులు కనపడిందా అంటే కనపడింది అన్నాను."

"నేనూ అంతే. పక్కన మీరు అన్నారు గదా అని నేనూ అంటి. సదువుకున్నాయన చెప్తావుంటే కాదని ఎట్లంటాను." మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. "ముప్ఫై ఏండ్లయింది. కాపురం బాగానే జరిగిపాయ."

మునిరత్నం నవ్వాడు. పగలు ఆ నక్షత్రం కనపడదని ఊరందరికంటే బాగా తెలిసిన పెళ్ళికొడుకు తానే. అయినా ఊరందరికంటే గట్టిగా కనపడిందన్నదీ తనే. పంతులు తొందరలో ఉన్నాడు, వెనక బంధువులు ఆకలితో ఉన్నారు. అటువంటప్పుడు ఎవరికైనా కనపడుతుంది.

మాఘంలో విభజనలు మొదలయ్యాయి. ఏ నక్షత్రాన్నీ వినకుండా విడదీయకూడదు కాబట్టి, ప్రతి జంటకీ నోటీసు తయారైంది. "ఏ-పార్టీ, బి-పార్టీ వారలకు తెలియజేయునది. మీ ఇరువురి సంబంధమునకు ఆధారములను పదిహేను దినములలో దాఖలు చేయవలెను." చిరునామా గడిలో రాశి పేరు రాశారు. నోటీసు అందజేయడం వీలుపడనప్పుడు పార్టీ ఉండే చోట గోడకి అంటించాలని నిబంధన. పార్టీ ఉండే చోటుకి అతి దగ్గరగా ఉన్న ప్రభుత్వ ఆస్తి దుర్భిణి గొట్టమే. కుళ్లాయప్ప రోజూ డబ్బా నిండా మైదా జిగురు కలుపుకుని గొట్టానికి నలభై నోటీసుల చొప్పున అంటించేవాడు. బాగా చిన్న చుక్కల విషయంలో చదువు రాని పార్టీలు ఉండవచ్చని పరాంకుశం గారు అనుమానించడంతో, గోపురం చుట్టూ దండోరా కూడా వేయించారు.

పదిహేను రోజులకీ ఒక్క అభ్యంతరమైనా రాలేదు. మునిరత్నం బల్ల ముందు కూర్చుని, "పార్టీలు హాజరు కానందున ఏకపక్షముగా విభజించడమైనది" అని రాసి సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. దొర జంటలు ఒక్కొక్కటీ విడిపోతుంటే మొదట్లో ఎంత హాయిగా ఉందో చెప్పలేం. నూటపదకొండో జంట దగ్గర కాఫీ తెప్పించుకున్నాడు. మూడువందలు దాటాక చెయ్యి నొప్పి పుట్టింది. అయిదువందలు దాటాక ఇంకో నొప్పి మొదలైంది. దొర కొలతల పుస్తకం తెరిచినప్పుడల్లా, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో వేసిన అంకెలు వంకరగా కనిపించేవి. ఒక పేజీలో "ఈ రాత్రి ఏమీ తేలలేదు, రేపు మళ్ళీ" అని ఉంది. ఆ మాట తాను కూడా ఎన్నిసార్లు రాశాడో మునిరత్నానికి గుర్తుంది. ఆ రోజు బ్రాందీ ఊసు ఎత్తలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

ఏప్రిల్ ఆఖరుకి కక్ష్య లెక్క తేలిన ఇరవై ఒక్క జంటలు మిగిలాయి. 1,141 విడిపోయాయి. ఇంకొక్క ఫైలు మిగిలింది.

మునిరత్నం-1 ఫైలుకి ఆధారంగా తన ముప్ఫై ఒక్క కొలతలూ జతపరచాలి. పాత గ్రాఫు బయటికి తీశాడు. గీత వంగే ఉంది. కాని ఇన్ని వందల జంటల్ని ఎడాపెడా విడదీసిన కన్ను ఇప్పుడు ఆ గీతనీ అలాగే చూసింది. అప్పట్లో వంపు ముందు గీశాడు, కొలతల చుక్కలు తర్వాత పెట్టాడు. వంపుకి దూరంగా పడిన కొలతల పక్కన "గాలి బాగాలేదు" అని తన చేత్తోనే రాసుకుని వదిలేశాడు. అలా వదిలేసినవి తొమ్మిది. కొత్త కాగితం మీద ముప్ఫై ఒక్కటీ మళ్ళీ పెట్టాడు. స్కేలు ఆనించి చూశాడు. తిన్నగా ఉంది. వంపు లేదు. రెండో చుక్క మొదటిదాని వెనక, ఏ సంబంధమూ లేకుండా, తన దారిన తాను పోతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మే నెలలో తాను పలకరిస్తున్నది జంటని కాదు.

అసలు ఈ సంగతి తనకి తెలియదా అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఎనిమిదేళ్ళ నుంచీ లోపలెక్కడో తెలుసు. తెలిసే, ఏటా ఆ గీతని చూసి కనపడింది, కనపడింది అనుకుంటూ వచ్చాడు. ఆయనకి చాలా సిగ్గేసింది. సిగ్గుకంటే దిగులెక్కువగా వేసింది.

పరాంకుశం గారు కొత్త గీతని చూసి పెదవి విరిచారు. ఆయన చెడ్డవాడు కాదు.

"రిటైరయ్యే ముందు ఇదేం ఖర్మండీ. దీర్ఘకాల అనుభవం కింద సంబంధం రుజువైందని రాసేద్దాం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే నంబరులో ఉన్నారు. మా శాఖలో పన్నెండేళ్ళుంటేనే హక్కు వచ్చేది. మీ పాత గీత జత చేయండి, నేను సంతకం పెడతాను. పైకెళ్ళి చూసొచ్చేదెవరు?"

మునిరత్నం పాత గ్రాఫు చేతిలోకి తీసుకున్నాడు. ఇంటి గేటు మీద పసుపు అక్షరాలు గుర్తొచ్చాయి. ఆ అక్షరాలు చెరిపేస్తే పెయింటరుకి ఏమని చెప్పాలో కూడా ఆలోచించాడు. దొర వంకర అంకెలు కూడా గుర్తొచ్చాయి. రుజువు లేదని పదకొండు వందల పైచిలుకు జంటల్ని విడదీసిన చేత్తో ఈ కాగితం ఇవ్వడం ఆయనకి చేతకాలేదు.

"కొత్త గీతే జత చేయండి సార్," అన్నాడు.

"అయితే పదకొండో నిబంధన. మీ జంటను మీరు విచారించకూడదు. నేను ఆమోదించే అధికారిని గనక నేనూ చేయకూడదు." పరాంకుశం గారు ముసాయిదా తిరగేసి, అది ఎవరు రాశారో గుర్తొచ్చి, ఆగారు. "మిగిలిన శాశ్వత ఉద్యోగి ఒక్కడే."

కుళ్లాయప్పని పిలిపించారు. తానే అంటించిన నోటీసుకి అభ్యంతరాలు రాలేదని తానే ధ్రువపరిచి, చూపించిన చోట సంతకం పెట్టాడతను. అతనికి రాయడం వచ్చిందల్లా తన పేరు. అది మాత్రం గుండ్రంగా, అందంగా రాస్తాడు.

జూన్ మొదటి వారానికి సవరించిన కేటలాగు అచ్చయి వచ్చింది. విడిపోయిన చుక్కలన్నీ విడివిడి నంబర్లయ్యాయి కాబట్టి, పుస్తకం సన్నబడాల్సింది పోయి రెట్టింపు లావైంది. వేధశాల ఒక్క ఏడాదిలో ఉత్పత్తి రెట్టింపు చేసిందని ప్రధాన కార్యాలయం పరాంకుశం గారికి ప్రశంసాపత్రం పంపింది. మునిరత్నం పుస్తకం తెరిచి చూసి కుర్చీలో కూలబడ్డాడు. తొమ్మిదో నిబంధనని ఆయన పూర్తిగా మరిచిపోయాడు. మునిరత్నం-1, మునిరత్నం-2, మునిరత్నం-3, పేజీ తర్వాత పేజీ, మునిరత్నం-2,282 దాకా. అన్నీ ఒంటి చుక్కలే. అవన్నీ ఎవరో ఎప్పుడో చూసినవి, చలిలో కూర్చుని కొలిచినవి. వాటిలో ఒక్కటి కూడా ఆయన కనుక్కున్నది కాదు.

ఆయన కనుక్కున్న రెండూ ఆఖరి పేజీలో అడుగున ఉన్నాయి. కుళ్లాయప్ప-1, కుళ్లాయప్ప-2.

కోపం రావాలి. రాబోయి, ఎవరి మీద రావాలో తెలియక ఆగిపోయింది. నిబంధన రాసింది తనే. తాను తవ్విన గోతిలో తానే పడ్డాడనుకుందామన్నా వీల్లేదు, ఆ గోతికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఇంటికెళ్ళి సుగుణకి చెప్తే ఆమె పుస్తకం బరువు చూసి, "అయితే బోర్డు మీద అంకె వేయించాల్నా?" అని అడిగింది. మునిరత్నం వద్దన్నాడు.

పదవీ విరమణకి రెండు రోజుల ముందు, చీకటి పడ్డాక, కుళ్లాయప్ప వచ్చి గోపురం గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త పంచె, నుదుట విభూతి. పెద్దల గదిలోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచాడు.

"సామీ, మీరు పోయేలోపల నా చుక్కల్ని ఒక తూరి చూపిస్తారా? ఇంట్లో దానికి చెప్పినాను. మనమళ్ళకి చెప్పినాను. ఎట్లుంటాయని అడుగుతాండారు. ఇన్నేండ్లు తలుపు తీస్తి గానీ నేను అందులోంచి ఒకనాడూ చూసినోణ్ణి కాదు."

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ అతన్ని చూడమని అనలేదని మునిరత్నానికి అప్పుడు తట్టింది. తనూ అనలేదు. దుర్భిణిని వృశ్చికం వైపు తిప్పాడు. అంకెలు చూడనక్కర్లేదు, ఆ చోటు ఆయన చేతికే తెలుసు. బల్ల జరిపి, కుళ్లాయప్ప చేయి పట్టుకుని ఎక్కించాడు.

"ఒక కన్ను మూసుకో. రెండోది అద్దానికి ఆనించు. తొందర లేదు."

కుళ్లాయప్ప ఊపిరి బిగబట్టి చూశాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చాలాసేపు కదలలేదు.

"కనపడ్డాయా?"

"కనపడినాయి సామీ. రెండూ. బంగారు మాదిరి ఉండాయి, పక్కపక్కనే." కన్ను అద్దం మీంచి తీయలేదు. "ఇంత దగ్గర దగ్గర ఉంటే మనం విడదీస్తిమే సామీ."

మునిరత్నం గొట్టం కొస వైపు యథాలాపంగా చూశాడు. మూతి మీద రేకు మూత అలాగే ఉంది. రోజూ దాన్ని తీసేది కుళ్లాయప్ప. ఇవాళ అతను చూసేవాడుగా వచ్చాడు, తీసేవాడుగా రాలేదు. మూత తీయడం మునిరత్నం పని ఎప్పుడూ కాదు.

నవ్వు తన్నుకొచ్చింది. దాని వెనకే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఎండలో నిలబడి అరుంధతి కనపడిందన్నవాడు, తిన్నని గీతలో ఎనిమిదేళ్ళపాటు వంపు చూసినవాడు, ఈ మనిషికి ఏం చెప్పగలడు. మూత వైపు సాగబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"రెండింట్లో ఏది పెద్దది కుళ్లాయప్పా?"

"ఎడమ పక్కది సామీ." ఏమాత్రం తడుముకోలేదు. "అదే ఒకటో నంబరు."

మునిరత్నం దీపం దగ్గరికి వెళ్ళి పరిశీలనల పుస్తకం తెరిచాడు. తేదీ వేశాడు, వేళ వేశాడు. పరిశీలకుడు అన్న గడిలో కుళ్లాయప్ప పేరు రాశాడు. ఎదురుగా "రెండునూ స్పష్టముగా కనిపించినవి" అని రాసి, ధ్రువీకరించే అధికారి అన్నచోట సంతకం పెట్టాడు.